పోపుల డబ్బా నుంచి మందు సీసా దాకా

షుగరు ఉందని తెలిసిన రోజు రాత్రే ఆ ఇంట్లో గ్లాసులో మెంతులు నానడం మొదలవుతుంది. పొద్దున్నే పరగడుపున ఆ నీళ్లు తాగి, మెంతులు నమిలి, ఆ తర్వాత డాక్టరు రాసిన బిళ్ల వేసుకుంటారు. కొన్నాళ్లకు బిళ్ల మానేసి నీళ్లు మాత్రమే తాగేవాళ్లూ ఉన్నారు. ఎవరు చెప్పారని అడిగితే ఒక్క పేరు రాదు. పక్కింటి పిన్నిగారు చెప్పారు, పెళ్లిలో కలిసిన బావగారు చెప్పారు, ఫోనులో వచ్చిన వీడియో చెప్పింది.

మెంతులు షుగరును తగ్గిస్తాయన్న మాట ఉత్తదేమీ కాదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులే 1990లలో మధుమేహం ఉన్నవాళ్లకు మెంతులు పెట్టి చూశారు. రక్తంలో చక్కెర తగ్గింది. అయితే వాళ్లు పెట్టిందెంత? ఒక అధ్యయనంలో రోజుకు 100 గ్రాముల మెంతిపిండి, అదీ నూనె తీసింది. మరోదాంట్లో 25 గ్రాముల మెంతులు. 25 గ్రాములంటే ఎంతో చూద్దామని వంటింటి త్రాసు మీద పోశాను. టేబుల్ స్పూనుతో రెండుసార్లు పోసినా ఇంకాస్త తక్కువే చూపించింది. పప్పు పోపులో మేం వేసుకునే మెంతులు అదే త్రాసు మీద పోస్తే అంకె కదల్లేదు.

సహజాహారం, సంప్రదాయ టానిక్కుల సంగతి ఎత్తితే మన దగ్గర వెంటనే రెండు పక్షాలు తయారవుతాయి. పెద్దలు ఊరికే చెప్పలేదని ఒకరు, అదంతా నమ్మకమేనని ఒకరు. పనిచేస్తుందా లేదా అన్న దగ్గరే ఇద్దరి వాదనా ఆగిపోతుంది. ఎంత తింటే, ఎవరు తింటే, దేని బదులు తింటే అన్న ప్రశ్నల దాకా ఎవరూ రారు. పాత వైద్యులకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. వాటన్నిటినీ కలిపి పథ్యం అనే ఒక్క మాటలో పెట్టారు. ఇప్పుడు మనకు మందు మిగిలింది, పథ్యం జారిపోయింది.

కంచంలోని బలం

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మామూలు తిండికే ఉంది. మన కోస్తా చరిత్రే దానికి ఉదాహరణ. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పాతుకుపోయి ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, చివరికి గుండె దెబ్బతినే జబ్బు. అదేమీ తిండి దొరకని నేల కాదు, వరి విరగపండే నేల. బియ్యం మరలు వచ్చి, తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం అలవాటయ్యాక తవుడుతో పాటు బి1 విటమిన్ కూడా పోయింది. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో దక్షిణాన ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఈ బెడద అంతగా లేదు. వడ్లు నానబెట్టి ఉడికించేటప్పుడు పై పొరల్లోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత మర పట్టినా అంతా పోదు. ఈ జబ్బు సంగతి తేల్చడానికి రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మెంతులు తూచిన జాతీయ పోషకాహార సంస్థ అదే.

బెరిబెరికి విరుగుడుగా ఏ అరుదైన మూలికా వెతకనక్కర లేకపోయింది. పశువుల కుడితిలో కలుపుతున్న తవుడే మందు. తిండి మందుగా పనిచేస్తుందనే మాటకు ఇంతకన్నా సూటి రుజువు దొరకదు. దాన్ని జాగ్రత్తగా చదవాలి మరి. తిండిలో ఒకటి లోపించి వచ్చిన జబ్బు, అది తిరిగి తింటే పోయింది. లోపం లేనివాడు శేరు తవుడు తిన్నా అదనంగా వచ్చే బలమేమీ లేదు.

ఇదే కొలబద్ద చిరుధాన్యాలకూ పెట్టి చూద్దాం. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లలకు రాగిజావ పోయడం మొదలైందీ ఆ ఏడాదే. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది, 100 మిల్లీలీటర్ల పాలలో 120 దాకా. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి, రాగులు పాలకు మూడింతలని ప్రచారం చేస్తారు. అంకెలు నిజమే. కాని గ్లాసు జావకు పట్టే పిండి 20 గ్రాములు. అంటే 70 మిల్లీగ్రాముల కాల్షియం. గ్లాసు పాలు 200 మిల్లీలీటర్లు, అందులో 240. జావలో మజ్జిగ కలుపుకునే మన అలవాటు ఈ లోటును కొంత పూడుస్తుంది. రాగుల్లోని ఫైటేట్లు కాల్షియాన్నీ ఇనుమునూ పట్టి ఉంచుతాయి. రాగులు మొలకెత్తించి పిండి పట్టించినా, అంబలిని రాత్రంతా పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. ఆ పనులు మానేసి పొట్లం పిండిని అయిదు నిమిషాల్లో మరిగిస్తే రాగి మిగులుతుంది గాని అంబలిలోని కిటుకు మిగలదు. షుగరు ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మెత్తటి పిండితో పల్చగా కాచిన జావ త్వరగా అరిగి రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. రాగిసంకటి ముద్దను ఆకుకూర పప్పుతో తినడం వేరు, బెల్లం వేసిన జావ రెండు గ్లాసులు తాగడం వేరు.

చద్దన్నం కథ ఇంకా రంజుగా ఉంటుంది. వేడి అన్నం 100 గ్రాముల్లో 3.4 మిల్లీగ్రాములున్న ఇనుము రాత్రంతా నానితే 73.91 అవుతుందని ఏళ్ల తరబడి ఒక అంకె తిరుగుతోంది. దశాంశాలతో సహా ఉంది కాబట్టి నమ్మబుద్ధవుతుంది. ఇనుము ఒక మూలకం. మూత పెట్టిన కుండలో సూక్ష్మజీవులు దాన్ని పుట్టించలేవు. పులియడం వల్ల అన్నంలో ఉన్న ఇనుమే ఒంటికి తేలిగ్గా పడుతుంది, మనకు మేలు చేసే బాక్టీరియా పెరుగుతుంది, చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం త్వరగా అరగని రూపానికి మారుతుంది. చద్దన్నానికి ఈ గుణాలు చాలు. ఉన్న గొప్పను ఇరవై రెట్లు చేసి చెప్పబోయి, అసలు గొప్పనే అనుమానించేటట్లు చేసుకుంటున్నాం.

ఉసిరి విషయంలోనూ అంతే. 100 గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుందని పాత పట్టికల్లో ఉండేది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన కొత్త పట్టికలో అది 252. జామకాయకు అదే పట్టికలో 214 నుంచి 222. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేసి, ఊరగాయ జాడీలోంచి ఒక ముక్క కలుపుకునే మనం, బండి మీద కారం చల్లి కోసిచ్చే జామకాయను మాత్రం చిరుతిండి లెక్కలో వేస్తాం. కాయంతా తినేది దాన్నే కాబట్టి సి విటమిన్ దానివల్లే ఎక్కువ అందుతుంది. పుల్లటి కాయకు ఇంకో పని ఉంది. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి. ఆషాఢంలో వండే మునగాకు కూరలో నిమ్మకాయ పిండితే ఆ తోడు దొరికినట్టే. భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం చాలావరకు పోతుంది.

చిటికెడు లెక్క

కంచం నుంచి పోపుల డబ్బాకు వస్తే సాక్ష్యం పలచబడుతుంది, ప్రచారం చిక్కబడుతుంది. పసుపునే తీసుకోండి. దానికి రంగూ గుణమూ ఇచ్చే కుర్కుమిన్ పసుపు బరువులో 3 శాతం అటూ ఇటూ. టీ చెంచాడు పసుపు 3 గ్రాములనుకుంటే కుర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. కీళ్లనొప్పుల మీద జరిగిన పరీక్షల్లో సాధారణంగా 500 మిల్లీగ్రాములు, అంతకుమించి ఇస్తారు. ఆ లెక్కన రోజూ అయిదారు చెంచాల పసుపు తినాలి. తిన్నా ఒంటికి పట్టేది స్వల్పం. 1998లో బెంగుళూరు పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్‌కు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జోడిస్తే శోషణ 2000 శాతం పెరిగిందని చూపించారు. పసుపు పాలలో మిరియాల పొడి వేసే ఇంటి పద్ధతికి అది బలమైన సమర్థన. దాన్నే ఆధారం చేసుకుని కుర్కుమిన్, పైపరిన్ కలిపిన గోలీలు బజారులోకి వచ్చాయి. ఆ తర్వాత అమెరికాలో పసుపు గోలీలు వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, వాటిలో కొన్నిట్లో పైపరిన్ కూడా ఉంది. కూరలో వేసిన పసుపు ఎవరి కాలేయాన్నీ ఏమీ చేయలేదు. రూపమూ మోతాదూ మారితే అది ఇంకో వస్తువు కిందే లెక్క. పైపరిన్ వేరే మందుల శోషణను కూడా పెంచుతుంది. మూర్ఛకో గుండెకో బిళ్లలు వాడేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

పసుపు పేటెంటు గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికా పేటెంటు ఇస్తే, మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ కేసులో నిలిచిన వాదన ఇది మా ఇళ్లలో పాత సంగతేనని. పాతదని రుజువైంది. ఎంత వాడితే ఎంత పనిచేస్తుందో ఆ పేటెంటు కార్యాలయం తేల్చలేదు, అది దాని పనీ కాదు. మన ఉపన్యాసాల్లో మాత్రం ఈ రెండూ కలిసిపోయాయి.

పసుపు కల్తీ గురించీ ఒక మాట. రంగు నిగనిగలాడటానికి లెడ్ క్రోమేట్ అద్దిన పసుపును బంగ్లాదేశ్‌లో పరిశోధకులు పట్టుకున్నారు. సీసం పిల్లల మెదడుకు విషం. దుగ్గిరాల, నిజామాబాదు లాంటి పసుపు మార్కెట్లు ఉన్న నేల మనది. కొమ్ములు కొని మర పట్టించుకోవడం ఇప్పటికీ తెలివైన పనే.

ఇంట్లో కాచుకునే మిగతా వాటిని త్వరగా చూసేద్దాం. అల్లం వికారానికి ఓ మోస్తరుగా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది, వేవిళ్లకు కూడా. దగ్గుకు తేనె ఉపశమనం ఇస్తుంది. కాని ఏడాది నిండని బిడ్డకు నాలికకు కూడా రాయకూడదు, అందులోని బీజాలతో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ పొట్టు నమ్మదగ్గది. శొంఠి, మిరియాల కషాయం, ఘాటైన చారు ముక్కుదిబ్బడను సడలించి ఒంటికి హాయినిస్తాయి. జలుబును పోగొట్టవు, దానంతట అది పోయేదాకా తోడుంటాయి. ఆ తోడు తక్కువేమీ కాదు.

వస సంగతి వేరు. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. మాటలు త్వరగా వస్తాయని పసిబిడ్డకు వసకొమ్ము అరగదీసి నాకించడం ఇప్పటికీ ఉంది. అందులోని బీటా అసరోన్ ఎలుకల్లో కేన్సరు కలిగించిందని తేలాక 1968లో అమెరికా ఆహార పదార్థాల్లో వసను నిషేధించింది. పసివాళ్లకు ఎంత పెడుతున్నామో కొలిచే సాధనం ఏ ఇంట్లోనూ లేదు. ముచ్చటైన ఆచారాలన్నీ నిలుపుకోదగ్గవి కావు. వసపిట్ట అనే మాట ఉంచుకుని వసను వదిలేయవచ్చు.

సీసాల వైభవం

తెలుగు అక్షరానికి టానిక్కుల రుణం ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం డబ్బులే ఆంధ్రపత్రికను, భారతిని నడిపించాయి. మద్రాసు కేసరి కుటీరం వారు స్త్రీల కోసం చేసిన లోధ్ర ఇంటింటికీ తెలిసిన మందు. ఆ కె.ఎన్. కేసరి గారే గృహలక్ష్మి పత్రిక నడిపారు. హైదరాబాదులో 1920లో పుట్టిన యునాని మందు జిందా తిలిస్మాత్ ఈనాటికీ కిరాణా కొట్లో దొరుకుతుంది. తూర్పుగోదావరి వైపు చింతలూరు పేరు చెబితే ఆయుర్వేద మందులే గుర్తొస్తాయి. ఇదంతా గౌరవించాల్సిన వారసత్వం. గౌరవిస్తూనే సీసా తిప్పి లేబుల్ చదవవచ్చు.

చరక సంహిత రసాయన ప్రకరణంలో చ్యవనప్రాశ ఉంది. 500 ఉసిరికాయలతో మొదలయ్యే పెద్ద వంటకం అది. ఇప్పుడు బజారులో దొరికే చాలా రకాల్లో బరువులో సగం అటూ ఇటూ చక్కెరే. మా అలమారలో ఉన్న సీసా వెనక చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది, చదవడానికి కళ్లజోడు తెచ్చుకోవాల్సి వచ్చింది. పిల్లవాడు చెంచాడు తింటే నష్టం లేదు. అరవై దాటి షుగరు ఉన్న తాతగారు బలానికని పూటకు రెండు చెంచాలు తింటే, మెంతినీళ్లతో ఇటు దించుదామనుకున్నది అటు లేహ్యంతో ఎక్కుతుంది. దశమూలారిష్టం లాంటి అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి. వాటిలో దానంతట అదే పుట్టిన ఆల్కహాలు 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. బాలింతకు ఇచ్చేటప్పుడు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుకు రావాలి.

అశ్వగంధను మనం పెన్నేరుగడ్డ అంటాం. ఒత్తిడి, నిద్ర మీద చిన్న చిన్న పరీక్షల్లో కొంత మేలు కనిపించింది. కాలేయం మీద, థైరాయిడ్ మీద దుష్ఫలితాల నివేదికలూ వచ్చాయి. గర్భిణులకు వద్దంటారు. డెన్మార్క్ 2023లో నిషేధించింది. తిప్పతీగ కథ ఇంకా మనకు దగ్గరిది. కోవిడ్ రోజుల్లో గోడల మీద పాకే తీగలన్నీ మాయమయ్యాయి. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం వాచిన కేసులు ప్రచురించారు. అది తిప్పతీగ కాదు, అదే జాతిలోని మరో తీగ అయి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. ఆ తర్వాత వివిధ ఆసుపత్రుల నుంచి మరిన్ని కేసులు బయటికి వచ్చాయి. తీగ అసలుదైనా కాకపోయినా కోసుకున్నవాడికి తేడా తెలియలేదు. మూలికను గుర్తుపట్టే వైద్యుడు లేకుండా మూలికావైద్యం మిగిలింది.

ఇక లోహాల సంగతి. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. రసశాస్త్రంలో లోహాలు కావాలనే వాడతారు, శుద్ధి చేసి భస్మం చేస్తారు. శుద్ధి అయిందో లేదో కొనేవాడికి తెలిసే దారి లేదు. సంప్రదాయ గ్రంథంలో ఉన్న యోగమైతే లైసెన్సుకు గ్రంథ ప్రమాణం చాలు, మనుషుల మీద కొత్తగా పరీక్ష అడగరు. ఇంకోవైపు మధుమేహం, కేన్సరు లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. 2024లో సుప్రీంకోర్టు ఒక పెద్ద సంస్థ ప్రకటనల మీద మండిపడి క్షమాపణలు చెప్పించేదాకా ఆ చట్టం ఉందని కూడా చాలామంది మరచిపోయారు.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దారులు జనంతో నిండిపోయాయి. ఆసుపత్రుల్లో పడకలు లేవు, ఆక్సిజన్ లేదు, అక్కడ ఉచితంగా ఒక మందు ఇస్తున్నారు. ఆ జనాన్ని మూర్ఖులనడం తేలిక. దిక్కులేనప్పుడు మనిషి చేయి ఎటు చాస్తాడో అటే చాచారు. ప్రభుత్వం పరిశీలన చేయించి, కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి పంచుకోవచ్చంది. హాని లేదన్న మాట ఊళ్లోకి వెళ్లేసరికి నయం చేస్తుందన్న మాటగా మారింది. సంప్రదాయ మందుల మీద మన చర్చంతా జారిపడేది ఈ మెట్టు దగ్గరే.

ఆకు పేరు పెట్టుకున్న మాత్ర

సంప్రదాయ మందులను ఎలా చూడాలన్న ప్రశ్నకు జవాబు లాంటి జీవితం ఒక తెలుగువాడిదే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు సంగ్రహణి లాంటి స్ప్రూ జబ్బుతో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు చేసింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత అమెరికా వెళ్లాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూతో వచ్చే రక్తహీనతకు అదే మందైంది. అంతకుముందు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, దాన్ని తగ్గించే గుణం ఈస్టులో ఉందని పట్టుకుంది. 1941లో పాలకూర లాంటి ఆకుకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసినవాళ్లు, లాటిన్‌లో ఆకును సూచించే మాట తీసుకుని దానికి ఫోలిక్ అని పేరు పెట్టారు.

సుబ్బారావు తనను బతికించిన ఆయుర్వేదాన్ని వెక్కిరించలేదు, దాని దగ్గరే ఆగిపోనూ లేదు. ఎందుకు పనిచేసింది, ఏది పనిచేసింది, ఎంత కావాలి అని అడుగుతూ పోయాడు. పథ్యం అడిగే ప్రశ్నలూ అవే.

మన ఇళ్లకు ఈ ప్రశ్నలు ఇంకా అవసరమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. 2024లో జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రోజువారీ కంచంలో కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం లాంటివి కలిపి 85, ధాన్యం 250. మన కంచంలో ఈ వరస తలకిందులుగా ఉంటుంది. గుట్టంత అన్నం, గరిటెడు కూర. ఆ గుట్టను తగ్గించకుండా పక్కన ఏ లేహ్యం సీసా పెట్టినా లెక్క కుదరదు.

పోపుల డబ్బాలో ఉన్నవి డబ్బా కొలతలో వాడుకుంటే భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. గోలీగానో సారంగానో మారితే వాటిని మందుగానే చూడాలి. ఎవరు చేశారు, ఎంత వాడాలి, ఇప్పటికే వేసుకునే బిళ్లలతో పొసగుతుందా అని అడగాలి, డాక్టరుకు చెప్పాలి. చాలామంది చెప్పరు, తిడతారని. ఆ తిట్టే అలవాటు డాక్టర్లు కూడా మానుకోవాలి, చెబితేనే కదా కాలేయం సంగతి ముందుగా తెలిసేది.

అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. 180 రోజులు వేసుకోవాలి. కడుపులో తిప్పుతోందని చాలామంది మధ్యలోనే మానేస్తారు. అలాంటప్పుడు అత్తగారు బిళ్ల ఎందుకు, తోటకూర తింటే చాలదా అంటుంది. నర్సమ్మ తోటకూరతో ఏమవుతుంది, బిళ్ల వేసుకోమంటుంది. మధ్యలో ఆ పిల్ల రెండూ మానేస్తుంది. ఆమె చేతిలో ఉన్న మాత్రకు ఆకుకూర పేరే పెట్టారని ఎవరైనా ఇద్దరికీ చెబితే బాగుండును. అత్తగారు తోటకూర పప్పు వండి, నిమ్మకాయ పిండి, భోజనమయ్యాక టీ బదులు మంచినీళ్లూ బిళ్లా కోడలి చేతికిస్తే, ఆ రోజుకు పథ్యం పూర్తయినట్టే.